అభ్యంతరం లేదు

కంచాల మధ్య ఆమె ఆ పుస్తకం పెట్టేసరికి అతని చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

అది రిజిస్టరు ఉత్తరాల రసీదు పుస్తకం. పై కాగితం చింపి ఉత్తరం తెచ్చినవాళ్లకి ఇస్తారు. కార్బన్ కింద పడ్డ నీలం నకలు పుస్తకంలోనే ఉండిపోతుంది. పోస్టాఫీసుకీ వెనకున్న ఈ రెండు గదుల ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క తలుపే. అయినా ఇన్నేళ్లలో ఆ పుస్తకం ఎన్నడూ ఆ తలుపు దాటి వంటింట్లోకి రాలేదు. ఆమె దృష్టిలో అవి రెండూ రెండు వేరే ఊళ్లు.

"నూట పధ్నాలుగో నంబరు. చదవండి," అంది భర్తతో.

అతను చదవలేదు. చదవక్కర్లేదు కూడా. పంపినవారు కౌన్సిలు కార్యాలయం. చేరవలసింది తపాలా శాఖ పై కార్యాలయానికి. తెచ్చి ఇచ్చినవారి సంతకం అతనిదే. ఆ సంతకం చివర చిన్న తోక ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఆ తోక చూసి ఆమె నవ్వేది.

మూడు రోజులుగా ఆ ఇంట్లో ఒకటే గొడవ. వచ్చే నెలాఖరుకి పోస్టాఫీసు మూసేస్తున్నామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మూసేస్తే ఆమె పోస్టుమాస్టరు ఉద్యోగంతో పాటు ఆఫీసుకి అంటుకుని ఉన్న ఈ ఇల్లూ పోతుంది. అంతవరకూ పిడుగే అనుకున్నారు. పిడుగు మీద పిడుగు ఆ ఉత్తర్వులోని రెండో వాక్యం. మూసివేతకు తమకు అభ్యంతరం లేదని స్థానిక కౌన్సిలు రాతపూర్వకంగా తెలియజేసింది కాబట్టి ఈ నిర్ణయం తీసుకున్నారట.

కౌన్సిల్లో గుమాస్తా ఆమె భర్త. అలాంటి ఉత్తరం మా ఆఫీసు నుంచి వెళ్లనే లేదని మూడు రోజులుగా అతను ఇంట్లోనూ వీధిలోనూ చెబుతున్నాడు. ఊరు నమ్మింది. ఆమె కూడా నమ్మింది, ఈ మధ్యాహ్నం పాత పుస్తకం తిరగేసేదాకా.

"నాలుగు నెలల కిందటి మాట. గుర్తులేదు," అన్నాడు చివరికి.

"నాకు గుర్తుంది. ఆ రోజు వరసలో మీ ముందు ఒకావిడ పార్శిలు పట్టుకుని నిలబడింది. ఉత్తరాల సంచి వెళ్లిపోతుంది, త్వరగా కానివ్వమన్నారు. ఆవిణ్ణి ఆగమని మీ కవరు ముందు తీసుకున్నాను. నేనే తూచాను. నేనే ముద్ర కొట్టాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే అతనికి కొంచెం సుఖంగా ఉండేది. అరిచే మనిషికి జవాబు చెప్పడం తేలిక.

కిటికీ పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఇరవై రెండేళ్లు సంచులు కుట్టిన మనిషి. ఇప్పుడు వేళ్లు వంగవు గానీ చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఆవిడ కంచం పక్కకు జరిపి, ఇక నాటకం చాలించి ఉన్నది చెప్పమంది కొడుకుని.

ఉన్నది అతను చెప్పాడు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు, ఎవరి మొహమూ చూడకుండా.

పై ఆఫీసుల నుంచి కౌన్సిలుకి వారానికి ఓ కట్ట ఉత్తరాలు వస్తాయి. స్తంభాలు పాతుతాం, గొట్టాలు వేస్తాం, కంకర లారీలు ఈ దారిన తిప్పుతాం, అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో తెలపండి అని వాటి వరస. అభ్యంతరం ఉందని రాయాలంటే సమావేశం పెట్టాలి. సమావేశానికి సగం మందైనా రావాలి. పిలిస్తే నలుగురు వస్తారు, అందులో ఒకరు నిద్రపోతారు. లేదని రాయాలంటే ఒక్క వాక్యం చాలు, ఆ ఫైలు అక్కడితో ముగుస్తుంది. పంతొమ్మిదేళ్లుగా అతను ఆ ఒక్క వాక్యమే రాస్తున్నాడు.

సంతకానికీ ఇబ్బంది లేదు. చైర్మన్ గారికి టైర్ల షాపు ఉంది. ఆయన సోమవారం ఉదయం షాపులోనే ముప్పై ఖాళీ లెటరుహెడ్ల మీద వరసగా సంతకాలు పెట్టి పంపేస్తాడు. వారమంతా వాటిమీద గుమాస్తా టైపు కొట్టుకుంటాడు. కొన్నింటి మీద ఆయన బొటనవేలి గ్రీజు మరక కూడా ఉంటుంది.

"చదవలేదా మీరు?" అడిగింది ఆమె.

"మూసివేత అన్న మాట చూశాను. ఏదో మూసేస్తున్నారనుకున్నాను."

వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"బ్యాంకు వెళ్లిపోయినప్పుడు కూడా ఇలాగే అడిగారా?" అంది ఆమె నెమ్మదిగా.

అతను తల దించుకున్నాడు.

"వంతెన దాకా వెళ్లే బస్సు ఆపేసినప్పుడు?"

ఆ తల ఇంకా కిందికి దిగింది. ఈ ఊరు రెండేళ్లుగా ఎవరిని తిట్టుకుంటోందో, ఎవరి దిష్టి తగిలిందని వాపోతోందో, ఆ మనిషి ఈ బల్ల దగ్గరే రోజూ భోజనం చేస్తున్నాడు. దుర్మార్గుడూ కాదు. ఆ మాట అనుకుందామన్నా మనసొప్పదు. పని త్వరగా తెమిలితే చాలుననుకునే మనిషి, అంతే. ఊళ్లని ముంచేది చాలాసార్లు ఇలాంటివాళ్లే.

"రేపు నేను పోయానని నీకు కాగితం వచ్చినా అభ్యంతరం లేదనే రాసేస్తావురా నువ్వు," అంది తల్లి.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వించడానికి అనలేదు.

ఇంకా వెలుగుండగానే పక్క తలుపు చప్పుడైంది. వచ్చింది చైర్మన్ గారు. రేపు పదకొండింటికి ప్రత్యేక సమావేశం పెట్టిన మనిషి, ఈ వేళప్పుడు పలకరించడానికి రాడని అత్తగారికి కూడా తెలుసు. ఆవిడ కుర్చీ ఇవ్వలేదు. ఆయనే లాక్కుని కూర్చున్నాడు.

బల్ల మీద పుస్తకం ఆయనకి కనిపించింది. దాన్ని చూడనట్టే చాలాసేపు మాట్లాడాడు. మీ పోస్టాఫీసు లేకపోతే ఈ ఊరు ఊరే కాదన్నాడు. వంతెన అవతలి ఆఫీసుకి నడిచి వెళ్లాలంటే ముసలివాళ్లకి ఒక పూట పడుతుందన్నాడు. మందులు పోస్టులో తెప్పించుకునేవాళ్ల గతేమిటన్నాడు. అన్నీ నిజాలే. నాలుగు నెలల కిందట ఒక్కటి గుర్తొచ్చి ఉంటే బాగుండేది.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. వకీలుని అడిగాడట. కౌన్సిలు ఆ ఉత్తరం పంపలేదని, ఎవరో దొంగ సంతకంతో సృష్టించారని తీర్మానం చేస్తే ఉత్తర్వు ఆగిపోతుందట. శాఖవాళ్లు మళ్లీ మొదటినుంచి నోటీసు ఇవ్వాలట. ఆరు నెలలు చేతికొస్తాయి. ఈలోగా పెద్దవాళ్ల కాళ్లో వేళ్లో పట్టుకోవచ్చు. అదృష్టం కొద్దీ కౌన్సిలు రిజిస్టరులో ఆ ఉత్తరం ఎక్కనే లేదు, గుమాస్తాగారి బద్ధకం పుణ్యమా అని. అడ్డం ఒక్కటే.

"టైలరమ్మ ఊరుకోవడం లేదమ్మా. రేపు నీ పుస్తకం తెప్పించి చూడాలని పట్టుబట్టింది. అందులో ఒక్క కాగితం..." అని ఆగాడు ఆయన.

టైలరమ్మ మూడో వార్డు కౌన్సిలరు. బట్టల కొలత తీసినట్టే మాటల కొలతా తీస్తుంది. ఆవిడ రాసి పంపిన చీటీ ఉదయమే వచ్చింది. ఊరంతా పోస్టమ్మ అని పిలిచే ఆమె పై ఆఫీసుకి ఫోను చేసి అడిగింది. కౌన్సిలు రాతపూర్వకంగా కోరితే ఆ ఒక్క నమోదు చదివి వినిపించవచ్చని వాళ్లన్నారు. చైర్మన్ గారు కాదనలేక ఆ కోరిక మీద సంతకం పెట్టాడు. ఈసారి చదివే పెట్టాడట.

"పుస్తకం నాది కాదు చైర్మన్ గారూ," అంది ఆమె.

"ఎవరిదైతేనేం, నీ దగ్గరేగా ఉంది."

"అందుకే."

ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, నీ భర్త ఉద్యోగం, నీ ఉద్యోగం, మీ అత్తగారి నెత్తిన నీడ, మూడూ ఒక్క కాగితం కింద ఉన్నాయమ్మా అన్నాడు. బెదిరించినట్టు అనలేదు. బాధగానే అన్నాడు. తన కుర్చీ కూడా ఆ కాగితం కిందే ఉందన్న సంగతి మాత్రం లెక్కలోకి తేలేదు.

ఆయన వెళ్లాక భర్త నోరు విప్పాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేముందన్నాడు. నేను చేసింది పొరపాటే, ఆ పొరపాటు దిద్దే దారి ఉన్నప్పుడు దిద్దకపోతే అది నీ పొరపాటవుతుందన్నాడు. ఎవరి సొమ్మూ తినడం లేదు, ఎవరి గొంతూ కొయ్యడం లేదు. ఊరి పోస్టాఫీసు నిలబెట్టడానికి ఒక్క నీలం కాగితం.

"మీరు అడుగుతున్నారా?" అంది ఆమె.

"అడగడం లేదు. చెబుతున్నాను."

"అయితే విన్నాను."

ఆమెకి తెలిసిన ఒక సంగతి ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. సాయంత్రం సంచిలో ఏ రిజిస్టరు ఉత్తరాలు వెళ్లాయో వాటి నంబర్ల జాబితా ఒకటి సంచితోపాటే పై ఆఫీసుకి వెళ్తుంది. నూట పధ్నాలుగో నంబరు అక్కడ కూడా ఉంది. ఇక్కడ కాగితం చింపినా ఉత్తరం మాయం కాదు. చింపిన పుస్తకం మాత్రం మిగులుతుంది. పుస్తకానికి పూచీ పోస్టుమాస్టరుది. ఉద్యోగం ఊడటంతో ఆగదు అది, కేసు పెడతారు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అతను ఆ ఆలోచనే మానేస్తాడు. భయపడి మానేస్తాడు. భయం వల్ల కాకుండా, ఊరికే, తప్పు కాబట్టి మానేస్తే చూడాలని ఆమెకి అనిపించింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె భర్తకి పెట్టిన పరీక్ష ఇదొక్కటే. మనుషులకి పరీక్షలు పెట్టకూడదు. పెట్టినవాళ్లే తప్పుతారు చాలాసార్లు.

ఆమె పుస్తకం తీసుకెళ్లి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఒక తాళంచెవి ఆమె నడుముకి ఉంటుంది. రెండోది అవసరానికని వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతుంది. ఆ మేకు వైపు ఆమె ఒక్కసారి చూసింది. తీసి దాచుకుంటే సరిపోయేది. దాచడమంటే అతన్ని దొంగ అన్నట్టే కదా అనుకుని ఊరుకుంది.

తెల్లవారి ఆమెకంటే ముందే అతను లేచాడు. ఆఫీసు తలుపు ఏడింటికి తీయాలి, ఏడున్నరకి సంచి వస్తుంది. ఆమె లేవబోతుంటే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"రాత్రంతా నిద్రపోలేదు నువ్వు. కాసేపు పడుకో. తలుపు నేను తీస్తాలే."

పెళ్లయ్యాక ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఆఫీసులోకి బయటివాళ్లు రాకూడదన్నది ఆమె నియమం, భర్తయినా సరే. ఆ ఉదయం మాత్రం ఆ నియమం గుర్తుకు తెచ్చుకునే ఓపిక లేకపోయింది. దుప్పటి కప్పుకుని, అవతల గదిలో చీపురు చప్పుడు వింటూ పడుకుంది.

ఎనిమిదింటికి వెళ్లి చూస్తే ఆఫీసు అద్దంలా ఉంది. కౌంటరు తుడిచాడు. తక్కెడ పళ్లేలు తోమాడు. ఎండిపోయిన జిగురు సీసా కడిగి కొత్తది పోశాడు. బల్ల మీద టీ కప్పు, దాని మీద మూత. ఆమెకి కళ్లు చెమ్మగిల్లాయి. రాత్రి అన్న మాటలకి క్షమాపణ చెప్పడం చేతకాక ఇలా చెప్పాడనుకుంది. కోపం సగం కరిగింది. టీలో చక్కెర ఎక్కువైంది, అయినా చివరి చుక్కదాకా తాగింది.

టీ తాగేవేళకి అత్తగారు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తోమిన తక్కెడ చూసింది. కడిగిన సీసా చూసింది. కోడలి మొహం చూసింది. ఏదో అనబోయి, మానేసి, వెనక్కి వెళ్లిపోయింది.

పదిన్నరకి పోస్టమ్మ బీరువాలోంచి పుస్తకం తీసి గుడ్డలో చుట్టుకుంది. తెరిచి చూడలేదు. నిన్న చూసిందే కదా.

కౌన్సిలు హాలు నిండిపోయింది. ఆ హాల్లో అంతమందిని గోడలు కూడా చూసి ఉండవు. ఖాళీ కుర్చీలు లేక జనం కిటికీల్లో నిలబడ్డారు. కౌన్సిలర్లు తొమ్మిది మందికి తొమ్మిది మందీ వచ్చారు. ఎప్పుడూ నిద్రపోయే ఆయన కూడా మేలుకునే ఉన్నాడు. గుమాస్తా చైర్మన్ గారి ఎడమ పక్క చిన్న బల్ల దగ్గర మినిట్సు పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. అక్కడ ఎవరేం అన్నా రాసుకోవడమే అతని పని.

ముందు ఉపన్యాసాలయ్యాయి. ఒకాయన ఈ మూసివేతను ప్రాణాలు పోయినా అడ్డుకుంటామన్నాడు. ప్రాణాలు ఎవరివో చెప్పలేదు. ఇంకొకాయన, పోస్టాఫీసు బదులు వారానికోసారి గంటసేపు వ్యాను పంపినా సర్దుకోవచ్చన్నాడు. వ్యాను వచ్చే ఆ గంటలోనే నా మందులూ రావాలని ముందే చెప్పుకోవాలా అని కిటికీలోంచి ఒక లారీ డ్రైవరు అడిగాడు. కిడ్నీలు చెడి రెండేళ్లుగా బండి ఎక్కని మనిషి. చైర్మన్ గారు కావాలంటే తన టైర్ల షాపులో ఒక మూల తపాలా కౌంటరుకి ఇస్తానన్నాడు. అద్దె సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చట.

అప్పుడు టైలరమ్మ లేచింది. ఉపన్యాసాలు చాలునంది. అభ్యంతరం లేదన్న ఉత్తరం ఈ ఆఫీసు నుంచి వెళ్లిందా లేదా, ముందు అది తేలాలంది.

"వెళ్లలేదు," అన్నాడు చైర్మన్ గారు. "మా రిజిస్టరులో లేదు. ఎవరో నా సంతకం దొంగిలించారు. కావాలంటే పోస్టుమాస్టరు గారి పుస్తకం చూద్దాం."

నిన్న ఒక్క కాగితం కోసం బతిమాలిన మనిషి ఇవాళ అంత ధైర్యంగా ఎలా అడుగుతున్నాడో ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. గుడ్డ విప్పింది. నూట పదమూడో నంబరు కనిపించింది. కాగితం తిప్పింది. నూట పదిహేను.

మళ్లీ తిప్పింది. మధ్యలో కుట్టు దగ్గర సన్నటి అంచు మిగిలి ఉంది. జాగ్రత్తగా, స్కేలు పెట్టి మరీ చింపాడు. చింపడంలో కూడా గుమాస్తాతనం పోలేదు.

ఆమెకి చీపురు చప్పుడు గుర్తొచ్చింది. తోమిన తక్కెడ, కొత్త జిగురు, మూతపెట్టిన టీ. తాగిన తీపి అంతా ఇప్పుడు గొంతులోకి వచ్చినట్టయింది. కాగితం చింపాడన్న బాధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. దుప్పటి కింద పడుకుని, మా ఆయన మంచివాడు అనుకుంటూ ఎంత సుఖపడింది తను!

"ఏమమ్మా?" అన్నాడు చైర్మన్ గారు. "ఆ తేదీన మా ఉత్తరం ఏదైనా ఉందా?"

"ఈ పుస్తకంలో కనిపించడం లేదు," అంది ఆమె.

అది నిజమే. నిజమే గానీ, దాన్ని విన్న హాలు హమ్మయ్య అంది. కిటికీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారు ఆలస్యం చేయలేదు. ఆ తీర్మానం ముందే టైపు కొట్టి ఉంది. చదివాడు. సదరు ఉత్తరాన్ని ఈ కౌన్సిలు పంపలేదు, పోస్టాఫీసు పుస్తకాన్ని పోస్టుమాస్టరు సమక్షంలో పరిశీలించగా అలాంటి నమోదు ఏదీ లేదని రుజువైంది, ఇందుకు సాక్ష్యంగా పోస్టుమాస్టరు సంతకం.

కాగితం బల్లల మీదుగా చేతులు మారి ఆమె ముందుకు వచ్చింది. కలం కూడా వచ్చింది.

సంతకం పెడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. వారం తిరక్కుండా పై ఆఫీసువాళ్లు సంచి జాబితా తీస్తారు. పుస్తకంలో లేని నంబరు అక్కడ కనిపిస్తుంది. అబద్ధం కింద ఆమె సంతకం, చిరిగిన పుస్తకం మీద ఆమె పూచీ. పోస్టాఫీసు ఎలాగూ పోతుంది, ఆమెతో కలిపి పోతుంది. పెట్టకపోతే కారణం చెప్పాలి, అప్పుడు పోయేది అతను. రెండూ కాకుండా మూడో దారి ఉంటుందేమోనని భర్త వైపు చూసింది. అతను ఒక్కసారి తలెత్తితే చాలు, ఏదో ఒకటి తోస్తుందనుకుంది.

అతను రాసుకుంటూనే ఉన్నాడు. రాయడానికి ఏమీ లేని వేళ కూడా రాస్తూనే ఉన్నాడు.

చైర్మన్ గారు పద్ధతి ప్రకారం అడగవలసిన మాట అడిగాడు. ప్రతి తీర్మానానికీ అడుగుతాడు, జవాబు కోసం ఎప్పుడూ ఆగడు.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా? లేదు. అయితే..."

"నాకుంది," అంది పోస్టమ్మ.

హాలంతా ఆమె వైపు తిరిగింది. కౌన్సిలరు కానివాళ్లకి అభ్యంతరం చెప్పే హక్కు లేదన్నాడు చైర్మన్ గారు. అడిగింది ఎవరికైనా అని కదా, మీ నోటితో మీరే అడిగారు, చెప్పనివ్వండి అంది టైలరమ్మ. కిటికీల్లోంచి కూడా అదే మాట వినబడింది. చైర్మన్ గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుని గుమాస్తాకి సైగ చేశాడు.

భర్త తలెత్తాడు. ఉదయం నుంచి అదే మొదటిసారి ఆమె కళ్లలోకి చూడటం. ఆ చూపులో బతిమాలడం ఉంది, చెప్పకు అనడం ఉంది. కానీ అతను కూర్చున్న కుర్చీలోంచి అనవలసిన మాట ఒకటే. అదే అన్నాడు, గొంతు సవరించుకుని, బయటి మనిషితో మాట్లాడినట్టు.

"అభ్యంతరం ఏమిటో చెప్పండి, పోస్టుమాస్టరు గారూ. రాసుకుంటాను."

ఆమె పుస్తకం మూసింది. గుడ్డలో చుట్టింది. ముడి వేసింది. ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్న అత్తగారు గుర్తొచ్చింది. ఉదయం ఆవిడ అనబోయి మానేసింది ఏమిటో ఇప్పుడు తెలిసింది.

"రాయండి," అంది. "ఈ ఉదయం ఏడింటికి పోస్టాఫీసు తలుపు తీసింది నేను కాదు."

పంతొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ అతని చెయ్యి ఆమె మాట వెంటే కదిలింది. అక్షరం అక్షరం రాసుకుంటూ వచ్చి, 'నేను కాదు' దగ్గర ఆగింది.

"మరి ఎవరు?" అంది టైలరమ్మ.